వైరస్ దోచుకుంటుందా, వాడుకుంటుందా?

సందేహం: “పశువుల వైరస్‌లు కణంలోని ఒత్తిడి ప్రతిస్పందనలను దోపిడీ చేసి వృద్ధి చెందుతాయి” అని ఒక వ్యాసంలో చదివాను. ఇక్కడ ‘దోపిడీ’ సరైన మాటేనా? ‘వాడుకుంటాయి’ అంటే చులకనగా ఉంటుందా?

సమాధానం: చులకనేమీ లేదు. ‘వాడుకొను’లోని ‘కొను’ చేసే పనిని మనవాళ్లు మరిచిపోతున్నారు, అంతే. కొను అంటే తీసుకోవడం. తమిళ ‘కొళ్’, కన్నడ ‘కొళ్ళు’ దీని తోబుట్టువులే. మరో క్రియ పక్కన చేరిందా, ఫలం కర్తదే. వండింది అంటే ఎవరికోసమో తెలియదు. వండుకుంది అంటే తనకే. తెచ్చాడు, తెచ్చుకున్నాడు, దాచాడు, దాచుకున్నాడు. రెండక్షరాలు ఇంత చెబుతుంటే ‘స్వప్రయోజనార్థం వినియోగించు’ అని మూరెడు రాయడం దేనికి? (కొట్టుకొను, తిట్టుకొనులలోని పరస్పరార్థం వేరే సంగతి.)

దోచు అలా కాదు. దోచాక సొంతదారుకు ఏమీ మిగలదు. వైరస్ చేసేది అదేనా?

వైరస్ చొరబడిందనడానికి గుర్తయిన జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ కనబడగానే కణంలోని పీకేఆర్ ఎంజైము ప్రొటీన్ల తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2-ఆల్ఫా అనే ప్రొటీనులో 51వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. ప్రొటీన్ల తయారీ పడిపోతుంది. వైరస్ ప్రొటీన్లకూ అదే గతి. పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ తన డీపీ71ఎల్ ప్రొటీనును దించుతుంది. ఆ ఫాస్ఫేటును ఊడదీసే శక్తి దానికి సొంతంగా లేదు. కణంలోనే ఉన్న, ఫాస్ఫేటును ఊడదీసే పీపీ1 ఎంజైమును అక్కడికి రప్పించి ఆ పని చేయిస్తుంది. ఒత్తిడి తీరాక తయారీ మళ్లీ మొదలుపెట్టడానికి కణం తన గాడ్34 అనే ప్రొటీనుతో చేసుకునే పనే ఇది. పీపీ1 ఎక్కడికీ పోలేదు. దీన్ని వాడుకోవడం అనక ఏమంటాం?

గాలికుంటు వైరస్ దారి మొరటు. ప్రొటీన్లను కోసే దాని ఎంజైము, లీడర్ ప్రొటియేజ్, కణపు ఈఐఎఫ్4జీ అనే ప్రొటీనును తెగ్గొడుతుంది. ప్రొటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోమును ఎంఆర్‌ఎన్‌ఏ దగ్గరికి చేర్చేది ఈఐఎఫ్4జీయే. దాంతో మొదట్లో క్యాప్ అనే టోపీ ఉన్న కణపు ఎంఆర్‌ఎన్‌ఏలకు రైబోజోము అందదు. ఐరెస్ (క్యాప్ లేకుండానే రైబోజోమును దించుకునే చోటు) ఉన్న వైరస్ ఆర్‌ఎన్‌ఏకు మాత్రం తెగిన ముక్క చాలు. ఒత్తిడి రేణువులను (ఒత్తిడిలో తయారీ ఆగిన ఎంఆర్‌ఎన్‌ఏలు గుమిగూడే ముద్దలను) కట్టే జీ3బీపీ1 అనే ప్రొటీనునూ అదే కోసేస్తుంది. రైబోజోములు కణం చేజారాయి కాబట్టి ఇక్కడ దోపిడి అన్నవారితో నేను తగవు పెట్టుకోను. రెండు వైరస్‌లనూ ఒకే వాక్యంలో చుట్టేటప్పుడు మాత్రం ‘వాడుకొను’ అంటే చాలావరకు క్షేమం.

‘స్ట్రెస్’కు ‘ఒత్తిడి’ అన్న మాట స్థిరపడింది, కదపను. అన్నట్టు, దోచు నుంచి దోపిడి, రాచు నుంచి రాపిడి. రాపిడికి లేని దీర్ఘం దోపిడికి మాత్రం దేనికండీ?