మీ నాయన గురించి రాసేటప్పుడు

తిరుపతి,
ఆదివారం పొద్దున

పాపా,

నాయన సంవత్సరీకం రోజు నాలుగు మాటలు చదవాలి, ఎట్లా రాయాలి మామా అని ఫోన్‌లో అడిగావు. ఆ పూట గొంతు పెగల్లేదు, ఏదో చెప్పి పెట్టేశాను. ఇప్పుడు రాస్తున్నా.

నువ్వు పంపిన కాగితం చదివాను. మంచి మనిషి, ప్రేమగల తండ్రి, క్రీడాభిమాని, ప్రకృతి ప్రేమికుడు. అన్నీ నిజమే. కానీ పేరు తీసేస్తే మన వీధిలో పోయినవాళ్లలో ఎవరికైనా సరిపోతుంది. మా నాన్న పోయినప్పుడు నేనూ ఇదే పని చేశాను. రెండు పేజీల గుణగణాలు చదివి కూర్చున్నాక మా పెద్దత్త పక్కకొచ్చి, "బాగుంది గానీ ఒరే, అందులో మా అన్న యాడున్నాడు?" అంది.

అందుకని ఆ కాగితం పక్కన పెట్టు. మీ మిద్దె మీది గదిలో తలుపు వెనక ఒక వెదురు కర్ర ఉంది, గుర్తుందా? దానికి 2.43 మీటర్ల దగ్గర కత్తి గాటు ఉంటుంది. అది మగవాళ్ల వాలీబాల్ నెట్ ఎత్తు. పొద్దున ఐదున్నరకు బావ స్కూటర్ తీస్తే ముందు ముగ్గుపిండి సంచి, వెనక నువ్వు. ఆ కర్రను జెండాలాగా నిలబెట్టి పట్టుకునేదానివి. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు టేపుతో కొలిచి గీతలు వేయందే గ్రౌండులో ఎవర్నీ బంతి ముట్టనిచ్చేవాడు కాదు. నువ్వు స్కూల్ టీమ్‌లోకి వచ్చిన సాయంత్రం ఇంకో గాటు పెట్టాడు, 2.24 దగ్గర. అది ఆడవాళ్ల నెట్. ఆ కింద స్కెచ్ పెన్నుతో సన్న గీతలు ఉంటాయి చూడు. నీ ఎత్తు, తమ్ముడి ఎత్తు, ప్రతి ఉగాదికీ ఒకటి. ఇల్లు వేరు, ఆట వేరు అని ఆ మనిషికి లేదు. ఈ కర్ర గురించి సరిగ్గా రాశావంటే పిల్లలంటే ప్రాణం అని విడిగా చెప్పే పని ఉండదు.

ఆ తర్వాత గ్రౌండు బయట టీ బంకు దగ్గరికి పో. పొద్దున ఏడింటికి పాతవాళ్లంతా అక్కడే ఉంటారు. "మా నాయన ఎలాంటివాడు?" అని మాత్రం అడగొద్దు. "దేవుడమ్మా" అంటారు, కథ అక్కడితో సరి. "ఆయనతో మీరు గొడవపడిన రోజు చెప్పండి" అని అడిగి చూడు. వాలీబాల్‌లో పాయింట్ల లెక్క మారిన కాలం సంగతి తప్పకుండా వస్తుంది. పాత పద్ధతిలో సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు, సెట్టు 15కి. ఆ తర్వాత ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టు 25కి అయింది. "సర్వీస్ సంపాదించుకోకుండా పాయింటేంది, అప్పనంగా?" అని బావ రెఫరీల మీద ఎంత ఎగిరాడో వాళ్లే చెబుతారు. అదే మనిషి, పొట్టివాడని ఎవరూ తీసుకోని కుర్రాడికి వేరే రంగు చొక్కా తొడిగి, మన గ్రౌండులో అందరికంటే ముందు లిబెరోగా, అంటే వెనక వరుసలో బంతి కింద పడకుండా కాపాడే ఆటగాడిగా, నిలబెట్టాడు. రెండూ రాయి. మొండితనం తీసేస్తే ఆయనలో సగమే మిగులుతాడు.

అక్కను కూడా అడుగు. బంధువుల ముందు కాదు, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు. ఆదివారాల లెక్క ఆమె దగ్గర వేరేగా ఉంటుంది. నువ్వు పుట్టిన రోజు ఆయన చిత్తూరులో ఫైనల్ ఆడుతున్నాడు. మూడు గంటల తర్వాత మోకాళ్ల నిండా మట్టితో ఆస్పత్రికి వచ్చాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే అక్క గిన్నెలు కాస్త గట్టిగా పెడుతుంది. అది చదవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నన్నడిగితే చదవమంటాను.

కొండలు, అడవి సంగతికి అంకెలు వేసి పేజీ నింపొద్దు. తలకోన జలపాతం 270 అడుగులని ఎవరైనా చెబుతారు. అక్కడికి పోయిన ప్రతిసారీ ఆయన ఖాళీ గోనెసంచి ఎందుకు తెచ్చేవాడో, తిరిగొచ్చేటప్పుడు అందులో ఎవరెవరు పారేసిన సీసాలు ఉండేవో నువ్వు చెప్పాలి. అలిపిరి మెట్లు 3,550 అని అందరికీ తెలుసు. గాలిగోపురం దాటినాక నిన్ను భుజాన వేసుకుని నడిచి, మోకాళ్ల పర్వతం దగ్గర దించేసి, "ఇక్కడ ఎవరి మోకాళ్లు వాళ్లవే" అన్నాడు చూడు, అది రాయి. శ్రీవారిమెట్టు 2,388 మెట్లే అని ఆ దారిని ఆయన లెక్కలోకే తీసుకునేవాడు కాదు. అది ఎంత నిటారుగా ఉంటుందో నేను చెబితే వినేవాడూ కాదు.

ఏడాదిగా మీరెవరూ కొండ ఎక్కలేదు కదా. సంవత్సరీకం అయ్యాక అందరం నడిచిపోదాం అన్నావు, మంచిదే. కాకపోతే 2023లో ఆ దారిలో చిరుత ఒక పసిపాపను పొట్టన పెట్టుకున్నాక పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు పెట్టారు. ఆ వేళలు మారుతుంటాయి, ముందు రోజు కనుక్కో. ఎట్లాగూ బాగా తెల్లవారాకే బయల్దేరదాం.

తమ్ముడు ఫ్లెక్సీ కొట్టిద్దాం, స్మారక కప్పు పెడదాం అంటున్నాడు. వాడికి నువ్వే నచ్చజెప్పు. గ్రౌండులో నెట్ రెండు చోట్ల చిరిగి, పురికొసతో కట్టి ఉంది. కొత్త నెట్, రెండు మంచి బంతులు కొనిస్తే రేపు పొద్దున్నే వాడతారు.

చదవడం మాత్రం భోజనాలయ్యాకే. ఆకలి మీద ఎవరూ వినరు. రెండు పేజీలు దాటనీయకు. ముందే రెండుసార్లు పైకి చదువుకుని, గొంతు ఎక్కడ పట్టేస్తుందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. అక్కడ ఆగి నీళ్లు తాగు. ఇంకో కాపీ తమ్ముడి జేబులో ఉంచు.

వచ్చేటప్పుడు మంచి మార్కర్ పెన్ను ఒకటి తీసుకురా. కర్ర మీద కింది గీతలు మాసిపోతున్నాయి. వాటిలో ఒకటి నీ ఆరో ఏడుదా, ఏడో ఏడుదా అని నిన్న అక్కా నేనూ చాలాసేపు వాదించుకున్నాం.

మీ మామ