తటస్థ దేశం ఖనిజం అమ్మితే ఏమనాలి?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధం మీద వ్యాసంలో ‘తటస్థ దేశమైన స్వీడన్ జర్మనీకి ఇనుప ఖనిజం సరఫరా చేసింది’ అని రాశాను. యుద్ధం చేసేవాళ్లకు సరుకు ఇచ్చేది తటస్థ దేశం ఎలా అవుతుంది, ‘అలీన దేశం’ అనమని మిత్రుడి సలహా. ఏది సరైనది? తటస్థ్యమా, తాటస్థ్యమా?

సమాధానం: ‘తటస్థ దేశం’ అనే ఉంచండి. తటం అంటే ఒడ్డు. యుద్ధంలోకి దిగకుండా ఒడ్డున నిలిచిందనే గానీ, వ్యాపారం మానుకుందని ఆ మాటకు అర్థం లేదు. తటస్థ దేశంలోని ప్రైవేటు వ్యాపారులు సరుకు అమ్ముకుంటే ప్రభుత్వం ఆపి తీరాలని 1907 నాటి హేగ్ ఒప్పందాలు కూడా అనలేదు.

అలీనం వేరు. అమెరికా, సోవియట్ కూటముల్లో దేనిలోనూ చేరకపోవడం అది, ప్రచ్ఛన్న యుద్ధ కాలపు మాట. 1961లో అలీన దేశాల బెల్‌గ్రేడ్ సదస్సుతో స్థిరపడింది. అలీన దేశమైన మన భారత్ 1965లోనూ 1971లోనూ యుద్ధం చేసింది కదా!

అసలు చిక్కు మీ క్రియలో ఉంది. ‘సరఫరా చేసింది’ తప్పు కాదు గానీ, బేరం సంగతి అందులో కనబడదు. స్వీడన్‌లోని కిరునా గనుల ఖనిజం వేసవిలో ఆ దేశపు లూలియో రేవు నుంచి, అక్కడ సముద్రం గడ్డకట్టే చలికాలంలో నార్వేలోని నార్విక్ నుంచి జర్మనీకి వెళ్లేది. బదులుగా బొగ్గు వచ్చేది. బాల్ బేరింగులైతే జర్మనీకీ బ్రిటన్‌కూ కూడా వెళ్లాయి. బ్రిటన్ వాటిని జర్మన్ల కళ్లుగప్పి చిన్న ఓడల్లో, విమానాల్లో తెచ్చుకుంది. కాబట్టి ‘అమ్మింది’ అనండి.

అయితే ‘యుద్ధమంతా తటస్థంగా వ్యవహరించింది’ అని మాత్రం రాయకండి. 1941 జూన్‌లో ఒక జర్మన్ సైనిక డివిజన్ నార్వే నుంచి ఫిన్లాండ్‌కు స్వీడన్ రైళ్లలోనే వెళ్లింది. ‘తటస్థ దేశంగా ప్రకటించుకుంది’ అంటే సరిపోతుంది. అలాగని ‘గోడమీద పిల్లి’ అనేయడమూ న్యాయం కాదు. ఎటు లాభమైతే అటు దూకేవాడికి వాడే మాట అది. 1940లో డెన్మార్క్, నార్వే జర్మనీ చేతికి చిక్కాక స్వీడన్‌కు పడమటి సముద్రం దారి దాదాపు మూసుకుపోయి, అది ఇరకాటంలో పడింది.

ఇక రూపం సంగతి. స్వస్థ నుంచి స్వాస్థ్యం వచ్చినట్టే తటస్థ నుంచి తాటస్థ్యం. ‘తటస్థత’ కూడా సాధువే, చదవడానికి అదే తేలిక. ‘తటస్థ్యం’ తప్పు.