దెబ్బ తగిలిన జింక చుట్టూ మూగొద్దు

ఘాట్ రోడ్లలో, అడవి అంచు దారుల్లో బండ్ల కింద పడుతున్న జింకల గురించి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: భాకరాపేట ఘాట్‌లో రాత్రిపూట ఒక చుక్కల జింకను ఏదో బండి కొట్టేసి పోయింది. ఒంటి మీద గీరుకుపోయిన చోట్లు తప్ప పెద్ద గాయం లేదు. పదిమందిమి చేరి నోట్లో నీళ్లు పోసి, కాళ్లు కట్టి, ఆటోలో ఊళ్లోకి తెచ్చాం. తెల్లారేసరికి చచ్చిపోయింది. మేం చేసిన తప్పేంటి సార్?
(పీలేరు పాఠకుడు)

జవాబు: మీరంతా దాన్ని బతికించాలనే చూశారు, అందుకే సూటిగా చెబుతున్నాం. బండి దెబ్బ ఎంతుందో లోపల చూస్తే గానీ తెలియదు. కానీ ఆ తర్వాత జరిగినవాటిలో నాలుగు పనులు దాని ప్రాణం మీదికి తెచ్చేవే.

మొదటిది గుంపు. జింక మనిషిని చూసి బెదిరి, పారిపోలేక గింజుకుంటుంటే ఒళ్లు విపరీతంగా వేడెక్కుతుంది. మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ ఉండేది 41 దాటిపోతుంది. కండరాల్లో ఆమ్లం పేరుకుని కండ చితికిపోతుంది, ఆ చితికిన కండలోంచి వచ్చే పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేస్తుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. దీన్ని డాక్టర్లు క్యాప్చర్ మయోపతీ అంటారు. కొన్ని గంటల్లోనే ప్రాణం తీయొచ్చు, లేదా లేచి తిరిగిన జింక రెండో రోజో మూడో రోజో కాళ్లు బిగుసుకుపోయి కూలబడొచ్చు. ఒకసారి ముదిరాక సెలైన్, సోడియం బైకార్బొనేట్, విటమిన్ ఇ-సెలీనియం ఎక్కించినా బతికేవి తక్కువ. అందుకే అసలు రాకుండా చూసుకోవడమే వైద్యం.

రెండోది నీళ్లు. సగం స్పృహలో ఉన్న జంతువు మింగలేదు. పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. దప్పికగా ఉంటుందేమో అని మనకు అనిపించడం సహజం, అయినా గుక్కెడు కూడా పోయకూడదు.

మూడోది కాళ్లు కట్టడం. తాడు మీద గింజుకునే ప్రతిసారీ పైన చెప్పిన కండర నష్టం ఇంకా పెరుగుతుంది.

నాలుగోది పడుకోబెట్టిన తీరు. జింక కూడా ఆవులాగే నెమరు వేసే జంతువు. పక్కకు వాలి పడి ఉంటే పొట్టలోని గ్యాసు తేన్పుగా బయటికి రాదు, కడుపు ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. పొట్టలోని మేత వెనక్కి తన్ని గొంతులోకి వచ్చి శ్వాసనాళంలో పడుతుంది. ఆటోలో కాళ్ల దగ్గర పక్కకు పడుకోబెట్టి కుదుపుల్లో తెస్తే ఈ రెండూ జరగడానికి ఎంతోసేపు పట్టదు.

మరి ఏం చేయాలి? ముందు 112కు ఫోన్ చేసి ఫారెస్టు వాళ్లకు కబురు అందేలా చూడండి. జాతీయ రహదారి అయితే 1033 కూడా పనిచేస్తుంది, పెట్రోలింగ్ బండి వచ్చి ట్రాఫిక్ ఆపుతుంది. తిరుమల ఘాట్ అయితే అలిపిరి చెక్‌పోస్టుకో, దారిలో కనబడే విజిలెన్స్ సిబ్బందికో చెప్పండి. 1962 నంబరు పశువుల అంబులెన్సు పెంపుడు పశువుల కోసం పెట్టింది. అడవి జంతువును ముట్టుకోవాలంటే అటవీశాఖ ద్వారానే రావాలి. ఫోన్‌లో రోడ్డు పేరు, కిలోమీటరు రాయి మీది అంకె, ఏ వైపు అంచున పడి ఉంది, ఆడదా కొమ్ములున్న మగదా, తల ఎత్తుతోందా, వెనక కాళ్లు కదిలిస్తోందా, ఇవి చెప్పండి. వచ్చే డాక్టరు మత్తుమందు తేవాలా, బోను తేవాలా, స్ట్రెచర్ చాలా అన్నది ఈ మాటల మీదే తేల్చుకుంటారు.

వాళ్లు వచ్చేలోపు జనాన్ని కనీసం ముప్పై అడుగులు వెనక్కి పంపండి. హెడ్‌లైట్లు దాని కళ్లలో పడకుండా బండి తిప్పండి. హారన్లు, సెల్‌ఫోన్ ఫ్లాష్, సెల్ఫీలు వద్దు. జంతువు లేవలేని స్థితిలో ఉండి, ఫారెస్టు వాళ్లు ఫోన్‌లో సరేనంటే, ఒక్కరే వీపు వైపు నుంచి మెల్లగా వెళ్లి కళ్ల మీద దళసరి తువ్వాలు కప్పవచ్చు. ముక్కు, నోరు బయటే ఉండాలి. కళ్లు కప్పగానే చాలా జింకలు గింజుకోవడం తగ్గిస్తాయి. కాళ్ల వైపు నుంచి మాత్రం వెళ్లకండి, గిట్టల దెబ్బకు మనిషి చర్మం చీలిపోతుంది. కొమ్ములున్న మగదానికి అసలు చేయి దగ్గర పెట్టొద్దు. పెద్ద కణితి (సాంబార్ జింక) అయితే బరువు 200 కిలోలు దాటుతుంది, దాన్ని లేవదీయడం మామూలు మనుషుల వల్ల కాదు.

డాక్టరు వచ్చాక జరిగేది కూడా తెలుసుకోండి, ఎందుకంటే ‘ఆలస్యం చేస్తున్నారు’ అని జనం గొడవ పడేది అక్కడే. బరువు అంచనా కట్టి మత్తు ఇస్తారు, కళ్లు కప్పుతారు, నాలుగు కాళ్లూ మడిచి పశువు నెమరు వేసేటప్పుడు కూర్చున్నట్టు గుండెల మీద కూర్చోబెడతారు. మెడ ఎత్తుగా, మూతి కిందికి వాలేలా పెడతారు, లాలాజలం బయటికి కారిపోవాలి కాబట్టి. గడ్డి పరిచిన చీకటి బోనులో తరలిస్తారు. తిరుపతిలో 1987 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర జూ పార్కు, వెటర్నరీ యూనివర్సిటీ రెండూ దగ్గరే ఉండడం ఈ ప్రాంతానికి కలిసొచ్చిన సంగతి.

ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ వెనక భాగం కదలకపోతే వెన్ను విరిగి ఉండొచ్చు. విరిగితే అది బాగుపడదు. బాధ తీరేలా ప్రాణం తీయాలా అన్నది డాక్టరు పరీక్షించి చెప్పాక, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ అనుమతించాలి. పక్కనున్నవాళ్లు జాలిపడి రాయితో కొట్టి చంపితే అది నేరమే. ఒక్క ముందు కాలు విరిగిన జింక సంగతి వేరు, మూడు కాళ్లతో అడవిలో బతకగలిగేవీ ఉన్నాయి. దాన్ని నెలల తరబడి కట్టు కట్టి ఉంచడం కంటే వదిలేయడమే మేలని డాక్టరు చెబితే నమ్మండి.

ప్రశ్న: మామండూరు దాటాక నా లారీకి దుప్పి (చుక్కల జింక) అడ్డమొచ్చి చచ్చింది. కేసు అవుతుందని భయపడి ఆగలేదు. ఎలాగూ చచ్చిందే కదా, మాంసం తెచ్చుకుని ఉంటే తప్పేంటి అంటాడు మా క్లీనరు.
(రేణిగుంట పాఠకుడు)

జవాబు: మీ క్లీనరు మాట వింటే మీరు లారీ కూడా పోగొట్టుకునేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం చచ్చి కనబడిన అడవి జంతువైనా, పొరపాటున చచ్చిందైనా ప్రభుత్వ ఆస్తి. దాని మాంసం, తోలు, కొమ్ములు అన్నీ అంతే. రాలిపోయిన కొమ్ము దొరికినా ఇంటికి తేకూడదు. ఏదైనా కారణంతో మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో అటవీ అధికారికో తెలపాలి. కూర వండేశాక దొరికినా కేసే. నేరానికి వాడిన బండిని కూడా జప్తు చేయొచ్చు. చుక్కల జింక విషయంలో శిక్ష 3 ఏళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా లక్ష రూపాయల దాకా. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు హద్దుల్లో వేట కిందికి వస్తే 3 ఏళ్లకు తగ్గదు, 7 ఏళ్ల దాకా పోతుంది.

ఇక మీ భయం. అనుకోకుండా తగలడం వేరు, కావాలని వేటాడడం వేరు. అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపారని తేలితే పోలీసులు ఆ కేసు వేరే పెట్టొచ్చు. ఆగి, ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పిన డ్రైవరు మాటకూ, బంపరు మీద వెంట్రుకలతో చెక్‌పోస్టులో పట్టుబడిన డ్రైవరు మాటకూ ఎవరైనా ఒకే విలువ ఇవ్వరు. ఇప్పటికైనా రేంజ్ ఆఫీసుకు వెళ్లి చెప్పండి.

కళేబరాన్ని మీరు కదిలించకండి. అక్కడ పంచనామా, పోస్టుమార్టం జరగాలి. రోడ్డు ప్రమాదంలా కనబడేవాటిలో మెడకు ఉచ్చు తీగ గాటు, తూటా, కుక్కల పళ్ల గుర్తులు బయటపడే అవకాశం ఉంది. అవి చూడకపోతే వేటగాడి పని బండి ఖాతాలో పడుతుంది. మలుపులో అడ్డంగా పడి ఉండి ఇంకో ప్రమాదం అయ్యేలా ఉంటే ముందు ఫోటోలు తీసి, ఫోన్‌లో అడిగి, చేతులకు మందపాటి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని అంచుకు లాగండి. శరీరం చల్లబడ్డాక గోమార్లు దిగి మనిషి మీదికి ఎక్కుతాయి, బట్టలు దులిపి, సబ్బుతో కడుక్కోండి. గాయం లేకుండా ముక్కు నుంచో మలద్వారం నుంచో నల్లటి రక్తం కారుతుంటే దగ్గరికి పోవద్దు, దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అయ్యుండొచ్చు.

ప్రశ్న: మా బైకు తగిలి జింక పడి, నిమిషంలో లేచి అడవిలోకి పరిగెత్తింది. బతికినట్టేనా?
(చిత్తూరు పాఠకురాలు)

జవాబు: చెప్పలేం తల్లీ. లోపల రక్తం కారుతున్నా భయంతో పరిగెత్తగలదు. వెంట పడొద్దు, వెతకొద్దు. చోటు గుర్తుపెట్టుకుని ఫారెస్టు వాళ్లకు చెప్పండి, మర్నాడు వాళ్లు చుట్టుపక్కల నీటి గుంటల దగ్గర చూసుకుంటారు. మీకు తగిలిన దెబ్బలకు మాత్రం ఆ రోజే టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి, దాని నోటి నురగ గాయానికి అంటి ఉంటే డాక్టరుకు ఆ మాట కూడా చెప్పండి.

ప్రశ్న: చచ్చిన తల్లి పక్కన పిల్ల నిలబడి ఉంటే ఇంటికి తెచ్చి పాలు పట్టి పెంచవచ్చా?
(పలమనేరు పాఠకురాలు)

జవాబు: తేవద్దు. జింక పాలు ఆవు పాల కంటే చాలా చిక్కన, కొవ్వూ మాంసకృత్తులూ ఎక్కువ. సీసాతో ఆవు పాలు పట్టిస్తే విరేచనాలు పట్టుకుని చిన్న పిల్లలు రెండు రోజుల్లో నీరసించిపోతాయి. తల వెనక్కి వంచి పట్టిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి చేతిలో పెరిగిన మగ పిల్ల కొమ్ములు వచ్చాక మనిషినే పొడుస్తుంది, అది మనల్ని తన జాతిగానే అనుకుంటుంది కాబట్టి. చట్టం దృష్టిలో ఇంట్లో పెంచడమే నేరం. అట్టపెట్టెలో గడ్డి వేసి, పైన గుడ్డ కప్పి, కుక్కలు రాని చోట ఉంచి ఫారెస్టు వాళ్లకు అప్పగించండి.

పడి ఉన్నది ఆడదైతే పొదుగు కూడా చూడమని సిబ్బందికి గుర్తు చేయండి. పాలు నిండి ఉంటే పిల్ల దగ్గరి పొదలోనే కదలకుండా దాక్కుని ఉంటుంది. తొలి రోజుల్లో తల్లి దాన్ని అలా దాచి మేతకు వెళ్తుంది. తల్లి బతికే ఉండి పిల్ల ఒంటరిగా కనబడితే మాత్రం అది అనాథ కాదు, ముట్టుకోకుండా వచ్చేయండి.

ప్రశ్న: అడవి దారిలో ఎంత వేగం సరి? జింక కనబడితే పక్కకు తిప్పాలా, బ్రేకు వేయాలా?
(మదనపల్లె పాఠకుడు)

జవాబు: లెక్క చూడండి. చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపు ఒకటిన్నర సెకను పోతుంది. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, కారు పూర్తిగా ఆగేసరికి 40 కిలోమీటర్ల వేగంలో సుమారు 25 మీటర్లు, 60లో 45 మీటర్లు, 80లో 70 మీటర్లు పడుతుంది. లో బీమ్ వెలుతురు 40, 50 మీటర్ల కంటే ఎక్కువ పనికిరాదు. అంటే 80లో వెళ్లేవాడు జింకను చూసేసరికే ఆగే అవకాశం దాటిపోయింది. వానలో, దిగుడులో దూరం ఇంకా పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజన్‌తో ఆపుకుంటూ రావాలి, బ్రేకు తొక్కుతూ వస్తే వేడెక్కి అవసరానికి పట్టవు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని పెట్టిన కాలపరిమితిని చలానా తప్పించుకోవడానికే పాటిస్తున్నారు చాలామంది. పైన గబగబా వచ్చేసి కింద గేటుకు ముందు ఆగి కూర్చోవడం ఆ నియమానికి అర్థం లేకుండా చేయడమే.

దూరాన రెండు మెరుపు చుక్కల్లా కళ్లు కనబడగానే వేగం తగ్గించి, డిమ్ చేసి, చిన్నగా ఒకటి రెండు హారన్లు కొట్టండి. హై బీమ్ పడితే జింక చూపు కమ్మి అక్కడే నిలబడిపోతుంది, తర్వాత ఎటు దూకుతుందో దానికే తెలియదు. ఒకటి దాటిందంటే వెనక ఇంకా వస్తాయని లెక్క, ఆఖరిది దాటేదాకా ఆగండి. ఆపలేనంత దగ్గరైతే స్టీరింగ్ తిప్పకుండా నిటారుగా బ్రేకు వేయండి. తిప్పితే లోయ, పిట్టగోడ, ఎదురు లారీ. ఈ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది, అయినా కారులోని పిల్లల ప్రాణం ముందు. బైకు అయితే రెండు బ్రేకులూ కలిపి, హ్యాండిల్ తిప్పకుండా.

తెల్లవారుజాము, సాయంత్రం చీకటి పడే వేళ, మార్చి నుంచి జూన్ దాకా వాగులు ఎండిన రోజులు, ఇవి ఎక్కువ ప్రమాదం. దారి పక్కన కారు ఆపి పులిహోర, అరటిపళ్లు వేసేవాళ్లు కూడా ఈ ప్రమాదాలకు ఒక కారణం. అన్నం ఎక్కువ తిన్న జింకకు పొట్టలో ఆమ్లం పెరిగి చస్తుంది, దాంతోపాటు మింగిన ప్లాస్టిక్ కవరు బయటికి రాదు. చావనిది మర్నాడు మళ్లీ అదే చోటికి, బండ్ల మధ్యకు వస్తుంది.

ప్రశ్న: జింక తగిలి బానెట్ నొక్కుకుపోయింది. ఇన్సూరెన్స్ వస్తుందా?
(తిరుపతి పాఠకుడు)

జవాబు: థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు. కాంప్రహెన్సివ్ అయితే వస్తుంది. బండి కదపకముందు ఫోటోలు తీసి, కంపెనీకి అదే రోజు చెప్పి, పోలీసులకో ఫారెస్టుకో ఇచ్చిన సమాచారం కాపీ దగ్గర పెట్టుకోండి. అంతకంటే ముందు కారు కింద చూడండి. ఆకుపచ్చగానో ఎర్రగానో కూలెంట్ కారుతున్నా, ఫ్యాను రేడియేటర్‌కు రాసుకుంటున్నా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు, ఘాట్ ఎక్కేలోపు ఇంజన్ పట్టేస్తుంది. హెడ్‌లైటు పగిలితే రాత్రి అడవి దారిలో ముందుకు పోవద్దు, టోయింగ్ బండి పిలిపించుకోండి.