పసిపాపలో ఎవరికేం కనిపించింది?

ప్రశ్న: మేడమ్, నేను పిల్లల మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. మాది క్రైస్తవ కుటుంబం. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడని చర్చిలో చెబుతారు, మళ్లీ మనిషి పుట్టుకతోనే పాపి అంటారు. మా పుస్తకాల్లో చూస్తే మనిషి జంతువుల నుంచి వచ్చాడని డార్విన్, మనిషి లోపల ఉన్నదంతా కోరికా కోపమేనని ఫ్రాయిడ్, మనిషి స్వతహాగా మంచివాడని అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ అన్నట్టు ఉంది. మతం ఒకవైపు, సైన్సు ఒకవైపు ఉంటే నేను ఎటు నిలబడాలి? ఇంతకీ పిల్లలు పుట్టేది మంచివాళ్లుగానా, చెడ్డవాళ్లుగానా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయమ్మా. మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఒకటి. వచ్చినవాడు ఎలాంటివాడన్నది రెండోది. మొదటి ప్రశ్న మీద మతానికీ సైన్సుకీ తగాదా నడిచిన మాట నిజం. రెండోదాని మీద మాత్రం పక్షాలు అలా చీలలేదు. విశ్వాసులు విశ్వాసులతోనే వాదించుకున్నారు, మనస్తత్వవేత్తలు మనస్తత్వవేత్తలతోనే విభేదించారు. అందుకే ఎటు నిలబడాలా అని బెంగపడే ముందు, వీళ్లంతా పసిపిల్లల్లో ఏం చూశారో ఒకసారి చూద్దాం.

ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు నరుణ్ణి తన స్వరూపంలో చేశాడు. రెండో అధ్యాయంలో నేలమంటితో చేసి ముక్కులో జీవవాయువు ఊదాడు. మూడో అధ్యాయంలో ఆజ్ఞ మీరడం, సిగ్గు, భయం, తప్పును పక్కవాళ్ల మీదికి నెట్టడం. ఈ మూడు పేజీల్లో దేన్ని గట్టిగా పట్టుకున్నారన్నదాన్ని బట్టే తర్వాతి బోధలన్నీ మారిపోయాయి. మూడో పేజీని గట్టిగా పట్టుకున్నవాడు అగస్టీన్. ఉత్తర ఆఫ్రికాలో క్రీ.శ. 354లో పుట్టి, హిప్పో నగరానికి బిషప్పై, 430లో కన్నుమూశాడు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పియర్ పండ్లు దొంగిలించానని, అవి ఆకలి తీర్చుకోవడానికి కాదని, పందులకు పారేశామని తన ఆత్మకథ ‘కన్ఫెషన్స్’లో ఆయనే రాసుకున్నాడు. తప్పు చేయడంలోనే రుచి దొరికిందట. అదే పుస్తకంలో ఒక పసిపాప కనిపిస్తుంది. ఇంకా మాటలు రాని ఆ బిడ్డ, తనతో పాటు పాలు తాగుతున్న మరో బిడ్డను చూసి ముఖం పాలిపోయి, కోపంగా చూస్తోంది. అగస్టీన్ తీర్పు: పసివాళ్ల అమాయకత్వం ఒంట్లో బలం లేకపోవడం వల్లే, మనసు మాత్రం అమాయకం కాదు.

దీన్ని ఆ రోజుల్లోనే ఒప్పుకోని క్రైస్తవులు ఉన్నారు. మంచిని ఎంచుకునే శక్తి మనిషికి దేవుడే ఇచ్చాడని, ఆదాము తప్పు మనకు వారసత్వంగా రాదని అగస్టీన్ కాలపు క్రైస్తవ బోధకుడు పెలాగియస్ బోధించాడు. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో కూడిన బిషప్పుల సభ ఆ బోధను ఖండించింది. ఆదాము నుంచి మనకు సంక్రమించింది మరణమేగాని నేరం కాదని తూర్పు ఆర్థడాక్స్ సంప్రదాయం ఈనాటికీ అంటుంది. అగస్టీన్‌కు రెండు శతాబ్దాల ముందే లియాన్ బిషప్ ఐరేనియస్ ఆదాము హవ్వలను పిల్లలుగా చూశాడు. దేవుడు వాళ్లను పూర్తిగా ఎదిగినవాళ్లుగా చేయలేదు, ఎదగడానికి వీలుగా చేశాడు అన్నది ఆయన భావం. చిన్నపిల్లలతో పనిచేసేవాళ్లు ఈయన గురించి తప్పకుండా తెలుసుకోవాలని నా కోరిక.

ఇప్పుడు మనోవిశ్లేషణకు, అంటే మనసు లోతుల్లో దాగినవి తవ్వి చూసే పద్ధతికి, ఆద్యుడైన ఫ్రాయిడ్. దేవుణ్ణి నమ్మనివాడు, పైగా మతాన్ని భ్రమ అన్నవాడు. అయినా 1930లో నాగరికత గురించి రాసినప్పుడు, మనిషి ప్రేమ కోసం తపించే సాధుజీవి కాడని, దూకుడు అతని పుట్టుకలోనే ఉందని గట్టిగా చెప్పాడు. అంతకు ముందు 1913లో మానవజాతి ఆరంభానికి తనదైన కథ ఒకటి అల్లాడు. ఆదిమ గుంపులో కొడుకులంతా కలిసి తండ్రిని చంపి తిన్నారని, ఆ అపరాధ భావం నుంచే నీతి, మతం పుట్టాయని. మానవశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ క్రోబర్ 1920లోనే ఈ కథకు ఆధారాలు లేవని తప్పుపట్టాడు. అయినా కథ ఆకారం చూడండి: ఆదిలో ఒక ఘోరం, అందరికీ సంక్రమించిన దోషం. మనిషి గురించి చెప్పే విషయంలో ఫ్రాయిడ్ కూర్చోవలసిన చోటు అగస్టీన్ పక్కనే.

రోజర్స్ కూడా మీరు అనుకున్నంత దూరంగా ఏమీ లేడు. చాలా నిష్ఠ గల ప్రొటెస్టెంట్ ఇంట్లో పెరిగాడు. న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో రెండేళ్లు చదివి, అక్కడి నుంచి మనస్తత్వశాస్త్రానికి వచ్చాడు. మనిషిని నమ్మి, చుట్టూ అనువైన వాతావరణం ఉంచితే మంచివైపే ఎదుగుతాడన్నాడు. 1982లో మరో అమెరికా మనస్తత్వవేత్త రోలో మే ఆయనకు బహిరంగ లేఖ రాశాడు. చెడు అనేది సమాజం నుంచి మాత్రమే వస్తే, ఆ సమాజం మనుషులతోనే కదా ఏర్పడింది అన్నది ఆ లేఖలోని అభ్యంతరం. రోలో మే కూడా అదే సెమినరీలో చదివినవాడు! ఒకే బడి నుంచి మనస్తత్వశాస్త్రానికి వచ్చిన ఇద్దరు ఇలా ఎదురెదురుగా నిలబడ్డారు. ఇక్కడ మీ మతం-సైన్సు గీత ఎక్కడ గీస్తారు?

మనిషిని పరిసరాలే మలుస్తాయన్న అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ గురించి ఒక్క మాటే చెబుతాను. ఒక డజను ఆరోగ్యవంతులైన పిల్లల్ని ఇస్తే ఎవరిని కావాలంటే వాళ్లను డాక్టరుగానో దొంగగానో తయారుచేస్తానన్నాడు. పసిపాపలో ఆయనకు కనిపించింది ఖాళీ పలక. పిల్లలతో నాలుగు రోజులు గడిపినవాళ్లెవరూ ఈ మాటను నమ్మరు.

నన్ను బాగా ఆకట్టుకున్నది డార్విన్ తన పెద్దకొడుకు గురించి రాసుకున్న నోట్సు. విలియం 1839 డిసెంబరులో పుట్టాడు, ఇంట్లో డొడ్డీ అని పిలిచేవాళ్లు. పుట్టిన రోజు నుంచీ తండ్రి గమనించి రాసుకున్నవి 1877లో ఒక పత్రికలో అచ్చయ్యాయి. పదిహేనున్నర నెలల వయసులో, తన పసి చెల్లెల్ని తండ్రి తూకం వేస్తుంటే డొడ్డీ అసూయ పడ్డాడు. అంటే అగస్టీన్ చూసిన బిడ్డే ఇక్కడా ఉంది. రెండేళ్లు దాటాక తన దగ్గరున్న జింజర్‌బ్రెడ్‌లో చివరి ముక్కను అదే చెల్లెలికి ఇచ్చేసి, 'ఎంత మంచి డొడ్డీ!' అని తనను తానే మెచ్చుకున్నాడు. ఇంకొన్ని నెలలకు, వద్దన్న పంచదార పొడి తిని భోజనాల గదిలోంచి వస్తూ తండ్రికి ఎదురుపడ్డాడు. కళ్లు అదోలా మెరుస్తున్నాయి, నడతలో ఏదో తేడా. ఆ పిల్లవాణ్ణి ఎప్పుడూ ఏ రకంగానూ శిక్షించలేదు కాబట్టి అది భయం కాదని, ఆనందమూ అంతరాత్మా పెనుగులాడుతున్నాయని డార్విన్ అనుకున్నాడు.

అసూయ, దయ, అంతరాత్మ మూడూ ఒకే బిడ్డలో! అగస్టీన్ ఒక్క చూపుతో తీర్పు ఇచ్చేశాడు. డార్విన్ మర్నాడు మళ్లీ చూశాడు. అగస్టీన్ తన గురించి తాను చెప్పుకున్న నిజాయితీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ పసిబిడ్డ మీద ఆయన వేసిన అభియోగాన్ని మాత్రం ఒప్పుకోలేను. 1871లో మనిషి పుట్టుక గురించి రాసిన పుస్తకంలోనూ డార్విన్ నీతిని సంఘజీవుల సహజ ప్రవృత్తిలోంచే తీశాడు. గుంపులో బతికే జంతువులకు తోటివాటి మీద ఉండే ఆదరానికి తెలివి తోడైతే అంతరాత్మ పుడుతుందన్నాడు. 'జంతువుల నుంచి వచ్చాం' అనగానే మృగత్వమే గుర్తొస్తుంది మనకు. ఆయన చెప్పినదాంట్లో ప్రేమ కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఈ కాలపు ప్రయోగాల సంగతి కూడా చెప్పాలి. 2006లో వార్నెకెన్, టొమాసెల్లో అనే మనస్తత్వవేత్తలు ఏడాదిన్నర పిల్లలతో ఒక పరీక్ష చేశారు. ఒకాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందక చెయ్యి చాస్తాడు. పిల్లలు పాకుతూనో నడుస్తూనో వెళ్లి తీసిచ్చారు. మెచ్చుకోలు లేదు, బహుమతి లేదు. ఇలాంటి పనుల్లో 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా సాయం చేశారు. కావాలని విసిరేసిన వస్తువు జోలికి మాత్రం పెద్దగా పోలేదు. అంటే ఎదుటివాడికి ఏం కావాలో వాళ్లకు అర్థమైంది. ఇక 2007లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన మరో ప్రయోగంలో, ఆరు, పది నెలల పిల్లలు సాయం చేసే బొమ్మనే ఇష్టపడ్డారని తేలింది. మంచితనం పుట్టుకతోనే ఉందని పత్రికలు పండగ చేసుకున్నాయి. 2024లో అనేక ప్రయోగశాలలు కలిసి ఇంకా ఎక్కువమంది పిల్లలతో అదే పరీక్ష చేస్తే ఆ మొగ్గు కనిపించలేదు. మీ పుస్తకంలో 2007 సంగతే ఉంటే, 2024 సంగతి మీరు మార్జిన్‌లో రాసుకోండి.

మీరడిగినదానికి సూటిగా చెబుతాను. పిల్లలు మంచికీ చెడుకీ రెంటికీ కావలసిన సరంజామాతో పుడతారు. ఈ మాట అనడానికి మీరు చర్చి వదలనక్కర్లేదు, ప్రయోగశాలా వదలనక్కర్లేదు. మనిషిలో మంచివైపు లాగేది ఒకటి, చెడువైపు లాగేది ఒకటి ఉంటాయని యూదు గురువులు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. రేపు మీ ఎదుట ఒక పిల్లవాడు పక్క పిల్లను కొరికితే, అది వాడి స్వభావం అని రాసేయకండి. సాయంత్రం దాకా చూసి అప్పుడు రాయండి.

ప్రశ్న: సృష్టి జరిగి ఆరు వేల ఏళ్లేనని నమ్మకపోతే బైబిల్‌ను కాదన్నట్టేనా?

జవాబు: కాదు. ఆ లెక్క బైబిల్ వచనం కాదు. ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో వంశావళులు కూడి క్రీ.పూ. 4004 అని తేల్చాడు. ఆరు దినాలు మామూలు దినాలు కావని అంతకు చాలా ముందే అగస్టీన్ అన్నాడు. మనిషి దేహం పరిణామంలో వచ్చిందేమో పరిశోధించవచ్చని, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని పోప్ 12వ పయస్ 1950లో రాశాడు. పరిణామవాదం ఒట్టి ఊహ స్థాయిని దాటిందని రెండో జాన్ పాల్ 1996లో ఒప్పుకున్నాడు. అక్షరార్థంగా నమ్మే సంఘాలు ఇంకా చాలా ఉన్నాయి, అది వాళ్ల మార్గం.

ప్రశ్న: ఫ్రాయిడ్‌ను చదివితే విశ్వాసం పోతుందని మా పాస్టర్ గారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ పాస్టర్ గారికి ఆస్కార్ ఫిస్టర్ గురించి చెప్పండి. జ్యూరిక్‌లో పాస్టర్‌గా ఉంటూనే మనోవిశ్లేషణ నేర్చుకుని, పిల్లల బాగు కోసం వాడినవాడు. 1909 నుంచి 1939లో ఫ్రాయిడ్ చనిపోయేదాకా వాళ్ల స్నేహం నిలిచింది. మనుషుల్లో తాను చూసిన మంచి చాలా తక్కువని, ఎక్కువమంది చెత్తేనని ఫ్రాయిడ్ 1918లో ఉత్తరం రాసింది ఈయనకే. 1927లో ఫ్రాయిడ్ మతం ఒక భ్రమ అని పుస్తకం వేస్తే, మరుసటి ఏడాది ఫిస్టర్ దానికి ఖండన రాశాడు. అచ్చయింది ఫ్రాయిడ్ నడిపే పత్రికలోనే.