అతిగా గేములు ఆడే తమ్ముడికి వీడియో కాల్‌లో చేయించే వ్యాయామం పనికొస్తుందా?

ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, పని ముగియగానే గేముల్లో కూర్చుని తెల్లవారుజామున రెండు మూడింటి దాకా లేవని ఇరవై తొమ్మిదేళ్ల తమ్ముడి గురించి మీరు అడిగారు. జిమ్‌కు డబ్బు కట్టి కూడా వెళ్లడం లేదనీ, ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో చూస్తూ చేయించే వ్యాయామమైనా నిలుస్తుందా లేక అదీ నాలుగు రోజుల ముచ్చటేనా అన్నదీ మీ సందేహం. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవారి కోసం మొదలుపెట్టిన వీడియో సెషన్లు ఆ తర్వాతా కొనసాగాయి. హైదరాబాద్‌లోని ఐటీ ఉద్యోగుల నుంచి అమెరికాలో ఒంటరిగా ఉంటున్న మనవాళ్ల దాకా, మీ తమ్ముడి వంటివారు వాటిలో చాలామందే ఉన్నారు. నిలుస్తుందనే చెబుతాను. అయితే అది నిలిచేదీ నిలవనిదీ వ్యాయామాల ఎంపిక కన్నా, సెషన్‌కు మనం పెట్టుకునే వేళను బట్టే ఎక్కువగా ఉంటుంది.

ఇంట్లోవాళ్లు సాధారణంగా ఉదయం ఆరు గంటలు అంటారు. రాత్రి మూడింటికి పడుకున్న మనిషిని ఆరింటికి లేపి కసరత్తు చేయించడం అతని నిద్రను సగానికి కోయడమే. వారం తిరిగేసరికి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. రాత్రి ఆట మధ్యలో పిలిచినా ప్రయోజనం ఉండదు. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వంటి ఆటలో ఒక మ్యాచ్ చివరిదాకా సాగితే దాదాపు అరగంట పడుతుంది, మధ్యలో ఆపుకునే వీలుండదు, వదిలేసి వస్తే తోటి ఆటగాళ్లతో మాటపడాలి, ర్యాంకు పడిపోతుంది. “ఈ ఒక్క మ్యాచ్ అయిపోనివ్వండి సార్” అని వాళ్లు అనేది సాకు కాదు, ఆట కట్టుబాటే అటువంటిది. అందుకని ఆఫీసు లాప్‌టాప్ మూసిన క్షణానికీ మొదటి మ్యాచ్ మొదలయ్యే క్షణానికీ మధ్య ఉన్న సందులోనే నేను సెషన్ పెడతాను; చాలామందికి అది సాయంత్రం ఆరున్నర, ఏడు ప్రాంతం. వ్యాయామం ముగిశాక ఆడుకోవచ్చని ముందే మాట ఇస్తాను. ఆటకు శిక్షగా వ్యాయామాన్ని అంటగడితే, బడిలో గుంజీళ్లు తీయించినప్పటి కసే మళ్లీ మొదలవుతుంది.

మొదటి సెషన్‌లో సగం సమయం కెమెరా సర్దడానికే పోతుంది, పోనివ్వాలి కూడా. మంచం మీద లాప్‌టాప్ పెట్టి నిలబడితే నాకు నడుము నుంచి మోకాళ్ల దాకానే కనిపిస్తుంది. ఫోన్‌ను మోకాలి ఎత్తున ఒక స్టూలు మీద పెట్టించి, మనిషిని ఆరేడు అడుగుల దూరంలో కెమెరాకు పక్కకు తిరిగి నిలబడమంటాను. అప్పుడు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోమంటే అసలు సంగతి బయటపడుతుంది: మడమలు నేల నుంచి లేస్తుంటాయి, గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది, కూర్చునేటప్పుడు చివరి జానెడు దూరం బరువు ఆపుకోలేక దబ్బున కూలబడతారు. ముఖం ఇటు తిప్పించి మళ్లీ చేయిస్తే మోకాళ్లు లోపలికి ఒరుసుకోవడం కనిపిస్తుంది. ముందుగా రికార్డు చేసిన వీడియోలు ఇవేవీ పట్టించుకోవు. అందులోని శిక్షకుడు చెప్పింది చెప్పుకుంటూ పోతాడు. ముప్పై మందిని ఒకే కాల్‌లో కూర్చోబెట్టి చేయించే క్లాసులూ ఇలాంటివారికి అంతంతమాత్రమే. కెమెరా ఆపేసి పక్కన ఫోన్‌లో ఆడుకున్నవారిని చూసే అంటున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ స్థాయి శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం చేయాలి. మొదటి వారంలోనే ఆ అంకె చెప్పి ఎవరినీ బెదరగొట్టను. వారానికి మూడు సెషన్లు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు చాలు: కుర్చీ వ్యాయామం, గోడకు చేతులు ఆన్చి తోయడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, రబ్బరు బ్యాండును తలుపు గడియకు కట్టి వెనక్కి లాగడం, ఉన్నచోటే వేగంగా అడుగులు వేయడం. శ్రమ ఎంతవరకు చేరిందో మాటను బట్టి కొలుస్తాను. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. సున్నా నుంచి పది దాకా కష్టం ఎంతో చెప్పమన్నా సరిపోతుంది, ఆటల్లో స్కోర్లకు అలవాటుపడ్డవాళ్లు ఆ అంకెను చాలా నిజాయితీగా చెబుతారు. చేతి గడియారం చూపే గుండె వేగం ఒక్కదాన్నే మాత్రం నమ్ముకోను, ఎందుకంటే ఉత్కంఠగా సాగే మ్యాచ్‌లో కదలకుండా కూర్చున్నా గుండె వేగం పెరుగుతుంది. ఒకతను ఆ గ్రాఫు చూపించి, “కార్డియో అయిపోయింది సార్” అన్నాడు. ఉద్వేగానికి గుండె పరిగెత్తినా కాళ్ల కండరాలు పనిచేయలేదు కనుక దానిని వ్యాయామం కింద జమకట్టలేమని అతనికి చాలాసేపు చెప్పాల్సి వచ్చింది.

వీరిలో మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నొప్పి తరచుగా కనిపిస్తుంది. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచమంటాను. బొటనవేలి మొదట్లో సూదిలా పొడిస్తే బ్యాండు లాగుళ్లు ఆపి, నేరుగా డాక్టరుకు చూపించుకోమంటాను. మెడకు, గడ్డాన్ని వంచకుండా తిన్నగా వెనక్కి లాక్కునే వ్యాయామం మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య ఆటలోని లాబీ తెర ముందు నిరీక్షించేటప్పుడే చేసుకోవచ్చు. ఆ విరామంలో కుర్చీ వదిలి లేవడం అలవాటైతే అది నా సెషన్ కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

దూరం నుంచి చేయించడంలో నిజమైన లోటు ఒకటుంది: అతను కళ్లు తిరిగి పడిపోతే నేను పట్టుకోలేను. అందుకే మొదలుపెట్టే ముందు రక్తపోటు, షుగరు పరీక్ష చేయించి, గతంలో ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, గుండె వేగాన్ని మార్చే మందుల వాడకం వంటివి ఉన్నాయేమో అడుగుతాను. ఉంటే డాక్టరు సరే అన్నాకే సెషన్. అతను ఉన్న ఇంటి పూర్తి చిరునామా, దగ్గరలో ఉండే ఒకరి ఫోన్ నంబరు నా దగ్గర ఉండాలి. ఇక్కడ 108కి, అమెరికాలో ఉన్నవారికైతే 911కి ఎవరు ఫోన్ చేయాలో ముందే తేల్చుకోవాలి. మధ్యాహ్న భోజనం మానేసి ఎనర్జీ డ్రింకులతో నెట్టుకొచ్చిన రోజున తేలికపాటి నడకతో సరిపెడతాను. గంటల తరబడి కదలకుండా కూర్చునేవారికి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక, ఒక్క పిక్కే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉందంటే వ్యాయామం ఊసెత్తకుండా ఆసుపత్రికి పంపించాలి.

ఆట తగ్గుతుందా అన్నది మీరు నేరుగా అడగలేదు కానీ ప్రశ్న వెనక ఉన్నది అదే అనుకుంటాను. కొందరికి తగ్గింది, ఒళ్లు అలిసి నిద్ర ముందుగా రావడం వల్ల చివరి రెండు మూడు మ్యాచ్‌లు వాటంతట అవే రాలిపోయాయి. కొందరికి ఆట అంతే ఉంది, నడుము నొప్పి మాత్రం పోయింది, అదీ లాభమే. ఎక్కువగా ఆడటమే జబ్బు కాదు. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ గేమింగ్ డిజార్డర్‌ను గుర్తించడానికి ఆటపై అదుపు తప్పడం, మిగతా జీవితం కన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా కొనసాగించడం అనే మూడు లక్షణాలనూ, అవి బతుకును గట్టిగా దెబ్బతీస్తూ సాధారణంగా ఏడాది పాటు ఉండటాన్నీ చూడమంటుంది. మీ తమ్ముడు ఉద్యోగం నిలుపుకుంటూ, స్నేహితులతో మాట్లాడుతూ ఉంటే ఆ పేరు పెట్టే తొందర వద్దు. ఆ లక్షణాలు నిజంగా ఉంటే వ్యాయామం తోడు మాత్రమే అవుతుంది, మానసిక వైద్యం తప్పనిసరి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు, బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇటువంటివారి కోసమే షట్ క్లినిక్ నడుస్తోంది.

ఇక మీ వైపు నుంచి ఒక్క సంగతి. అక్కగా మీకు ఆదుర్దా ఉంటుంది, రేపు నాకో మరొకరికో ఫోన్ చేసి “ఇవాళ చేశాడా?” అని అడగాలనిపిస్తుంది. హాజరు వివరాలు ఇంట్లోవాళ్లకు చెప్పనని నేను మొదటి రోజే అతని ముందే అంటాను. అతను పెద్దవాడు, ఒప్పందం అతనికీ నాకూ మధ్య. నిఘా పెట్టారన్న అనుమానం వస్తే కెమెరా ముందు నిలబడతాడు కానీ నొప్పి ఎక్కడుందో చెప్పడు. రెండు మూడు నెలల తర్వాత వీడియో కాల్ సెషన్లను వారానికి ఒకటికి తగ్గించి, మిగతా రోజుల్లో తనే చేసి చిన్న వీడియో పంపమంటాను. ఈ పద్ధతికి సరేననే ఫిజియోథెరపిస్టును వెతకండి, ఫీజు ఎవరు కట్టినా వేళ మాత్రం మీ తమ్ముణ్ణే ఎంచుకోనివ్వండి.