ముసురుకు బూజు పట్టిన చెక్క, ఒకే గదిలో అన్ని మేతలు

ప్రశ్న: మాకు రెండు పాడి గేదెలు, కొన్ని గొర్రెలు, నాటుకోళ్లు ఉన్నాయి. వేరుశనగ చెక్క, తవుడు, కోళ్ల మేత, పొలానికి తెచ్చిన యూరియా అన్నీ ఒకే గదిలో పెడుతున్నాము. ఈ ముసురుకు చెక్క గడ్డలు కట్టి పచ్చటి బూజు పట్టింది. ఎండబెట్టి గేదెలకు పెట్టవచ్చునా? మిగిలిన కోళ్ల మేతను గొర్రెలకు వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: రెండూ చేయకండి. ఎండ బూజు పెరగకుండా ఆపగలదు గాని, ఆ బూజు అప్పటికే చెక్కలోకి వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పూర్తిగా పోగొట్టలేదు. ఉడకబెట్టినా అది చాలావరకు నిలిచే ఉంటుంది. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, కారణం వెతికిన శాస్త్రవేత్తలకు వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్కలోనే ఈ విషం జాడ దొరికింది. గేదె కోడిలా వెంటనే పడిపోదు. మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, విషంలో కొంత భాగం రూపం మార్చుకొని పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. అందుకే పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించరాదని మన దేశంలో నిబంధన ఉంది. గడ్డలు ఏరివేసి మిగిలిన పొడి పెట్టడమూ క్షేమం కాదు, ఎందుకంటే బూజు కంటికి కనిపించని చోట కూడా విషం ఉండవచ్చు.

కోళ్ల మేతలో కలిపే ఖనిజాలలోని రాగిని కోళ్లు తట్టుకుంటాయి గాని గొర్రెలు తట్టుకోలేవు; అది వారాల తరబడి కాలేయంలో పేరుకొని, ఒకనాడు హఠాత్తుగా కామెర్లు, ఎర్రటి మూత్రంతో బయటపడి ప్రాణం తీస్తుంది. పత్తి గింజల చెక్క కలిసిన పశువుల దాణాను కోళ్లకు వేసినా మంచిది కాదు, గుడ్డులోని పచ్చసొన రంగు చెడుతుంది.

అన్నిటికన్నా ముందు, ఈ రోజే, యూరియాను, పురుగుమందులను ఆ గది నుంచి తీసివేయండి. ఒలికిన యూరియాను నాకినా, అది కరిగించిన బకెట్లో నీళ్లు తాగినా పశువు గంటల్లోనే చనిపోవచ్చు. ఖాళీ ఎరువు సంచుల్లో దాణా పోసే అలవాటు మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉంది, దయచేసి మానుకోండి.

సంచులను నేల మీద పెట్టకుండా చెక్క బల్లలపై, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చండి. చెక్కకు, కోళ్ల మేతకు మూతలున్న వేర్వేరు ఇనుప డ్రమ్ములు వాడితే ఎలుకల బెడద కూడా తగ్గుతుంది. చదువు రాని పెద్దలు మేత వేసే ఇళ్లలో డ్రమ్ములకు రంగులతో గుర్తు పెట్టడం మేలు. పాత దాణా అడుగంటా ఖాళీ చేసి, డ్రమ్మును తుడిచి ఆరబెట్టాకే కొత్తది పోయాలి. నూనె తీయని తవుడు త్వరగా ముక్కిపోతుంది కనుక వానాకాలంలో రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనుక్కోండి. తలుపుకు గడియ తప్పనిసరి: తాడు తెంచుకున్న గేదె మొక్కజొన్న సంచిలో మూతి పెట్టి కడుపునిండా తింటే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రమాదం ముంచుకొస్తుంది. అటువంటప్పుడు లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయండి.

పాడైన చెక్కను పెంటకుప్ప మీద వేస్తే కోళ్లు గీరి తింటాయి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, లోతుగా గుంట తీసి పూడ్చివేయండి.