సెమినార్‌కి వెళ్లే ముందు మన కత్వ దాకా నడిచి రా

చిన్నీకి మేనత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రి చూశాను. మీ జాగ్రఫీ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీది సెమినార్లు, వర్క్‌షాపుల జాబితా ఫోటో తీసి పెట్టి, "అత్తయ్యా, వీటిల్లో దేనికి వెళ్లాలి, ఏది వదిలెయ్యాలి? అందరూ అన్నిటికీ పేర్లు ఇచ్చేస్తున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది" అని రాశావు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి జాగ్రఫీ చెప్పాను. ఈ సెమినార్లు, వర్క్‌షాపుల వల్ల ఎవరి దారి మారిందో, ఎవరికి ఫైల్లో సర్టిఫికెట్లు మాత్రం మిగిలాయో దగ్గరుండి చూశాను.

1985లో నేను నీలాగే పీజీలో చేరిన కొత్తలో ఒక సెమినార్‌కి వెళ్లాను. రెండు రోజులూ వెనక వరసలో కూర్చుని చెప్పిందల్లా రాసుకున్నాను. టీ తాగేటప్పుడు ఒక పెద్ద శాస్త్రవేత్త నా పక్కన నిలబడి, "ఏ ఊరమ్మా?" అని అడిగారు. చెప్పాను. "మీ ఊరి చెరువులోకి నీళ్లు ఏ వాగు నుంచి వస్తాయి?" అన్నారు. నాకు తెలియదు. నైలు నది ఉపనదులు గడగడా చెప్పగలను, మా ఊరి చెరువు సంగతి మాత్రం తెలియదు. ఆయన ఏమీ అనలేదు, నాకే గుండెలో కలుక్కుమంది. ఆ వారమే ఇంటికి వచ్చి మీ తాతయ్యని వెంటబెట్టుకుని వాగు పట్టుకుని పైకి నడిచాను. ఒక పూట పట్టింది. చేత్తో మ్యాప్ గీసి ఆయనకి పోస్టులో పంపిస్తే ఇన్‌లాండ్ లెటర్‌లో జవాబు రాశారు. ఆ వేసవి అంతా వాళ్ల లైబ్రరీలో కూర్చుని చదువుకోనిచ్చారు.

అందుకే చెప్తున్నాను బిడ్డా, ముందు నీకంటూ ఒక చోటు ఉండాలి. అది ఉంటే ఏ సెమినార్‌కి వెళ్లాలో నువ్వే తేల్చుకోగలవు. నీకైతే వెతుక్కునే పని కూడా లేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాద్ మురికినంతా మోసుకుని మన వలిగొండ పక్క నుంచి పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నువ్వు చదివే ఊరినీ పుట్టిన ఊరినీ కలిపే నది అది. మీ నాన్న పొలానికి నీళ్లు ఆ నదికి అడ్డంగా కట్టిన కత్వ, అంటే చిన్న ఆనకట్ట, నుంచే వస్తాయి. నీ క్లాసులో ఎంతమందికి అలాంటి చోటు ఉంటుంది?

ఒక ఆదివారం కత్వ దగ్గరికి వెళ్లు. ఒక్కదానివే వద్దు, తోడుగా ఒకరిని తీసుకుపో, ఏ వైపు వెళ్తున్నావో ఇంట్లో చెప్పు. నీళ్లలో దిగకు. నోటుబుక్‌లో తేదీ, టైమ్, నీళ్ల రంగు, నురగ ఉందా లేదా, వాసన, ఒడ్డున ఏ పంటలు ఉన్నాయో రాసుకో. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫోటోలు తియ్యి. అక్కడి రైతులతో మాట్లాడు. ఏ ఏడాది నుంచి వరి మానేశారో, ఎవరు పశువుల గడ్డి వేసుకుంటున్నారో, ఏ నెలలో నీళ్లు మరీ చెడ్డగా ఉంటాయో వాళ్లు చెప్తారు. ఎవరి పొలంలో అడుగు పెట్టినా ముందు అడిగి పెట్టు. నెలకి ఒకసారి ఇదే చోట ఇదే పని చెయ్యి. ఆరు నెలలు తిరిగేసరికి ఏ పుస్తకంలోనూ దొరకని కాగితాలు నీ దగ్గర ఉంటాయి.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చో. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. సెంటినెల్-2 అనే ఉపగ్రహాల జంట అయితే దాదాపు ఐదు రోజులకి ఒకసారి అదే చోటుని పది మీటర్ల వివరంతో చూపిస్తుంది. వాటితో మ్యాపులు గీసుకునే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే కొండలు, వాగులు, ఊళ్లు వివరంగా చూపే మ్యాపులు, ఇప్పుడు ఇంట్లో కూర్చునే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. హైదరాబాద్ ఉన్నది 56కె షీట్‌లో, దాని ప్రింటు ఒకటి గోడకి అతికించుకో. మా రోజుల్లో ఒక్క షీట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది.

ఇక నీ బోర్డు మీది కార్యక్రమాల సంగతి. ఆగస్టు 12 జాతీయ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో దూరం నుంచి నేలని చూడటం) దినోత్సవం, మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ పుట్టినరోజు. 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఈ రోజుల్లో ఉపన్యాసాలు, ఎగ్జిబిషన్లు పెడతారు, బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు మాట్లాడే అవకాశం ఉంటే వదులుకోకు. నవంబరు మూడో బుధవారం జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులతో చేసే పని) డే, అప్పుడు మీ క్యాంపస్‌లోనే ఏదో ఒకటి జరుగుతుంది, పోస్టర్ పోటీ ఉంటే పేరు ఇవ్వు. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినం. అదే నెలలో క్యాంపస్ బర్డ్ కౌంట్ ఉంటుంది. పొద్దున్నే కనీసం పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. ఉస్మానియా క్యాంపస్‌లో అన్ని చెట్లున్నాయి, పర్యావరణ శాస్త్రం చదివే నీ రూమ్‌మేట్‌ని కూడా లేపి తీసుకుపో.

వీటన్నిటికంటే సెప్టెంబరు చివరి వారం మీద నాకు మక్కువ. 26 సీఎస్‌ఐఆర్ (కేంద్రప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) స్థాపక దినం, ఆ రోజుల్లో దాని ప్రయోగశాలలు విద్యార్థులకి తలుపులు తెరుస్తాయి. వాటిలో ఒకటైన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ నీ హాస్టల్‌కి దగ్గర్లో హబ్సిగూడలోనే ఉంది. భూకంపాల్ని ఎలా నమోదు చేస్తారో, భూగర్భ జలాన్ని ఎలా వెతుకుతారో కళ్లతో చూడొచ్చు. రెండు రోజులకే 28. 1908లో మూసీ వరద వేల మందిని మింగిన రోజు. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో జలాశయాల పని మొదలై, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆ చెట్టు కింద కాసేపు నిలబడి రా. నీ నది మన ఊరికి రాకముందు ఏం చూసిందో అక్కడ తెలుస్తుంది.

వాట్సాప్‌లో వచ్చే ప్రతి "అంతర్జాతీయ సదస్సు"కీ డబ్బు కట్టకు. ఒకసారి మా పిల్లలు ఆరుగురు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి ఒక కాలేజీకి వెళ్తే బ్యాగు, భోజనం, సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు. ఒక్కరి పేపరూ చదవనివ్వలేదు. వాళ్లలో ఇద్దరు ఆ ఫీజు కోసం ఇంట్లో అప్పు చేయించారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫీజు కట్టే ముందు మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌ని అడుగు. పది రోజుల్లో పేపర్ అచ్చు వేస్తామని డబ్బు అడిగేవాళ్లకి జవాబే ఇవ్వకు.

డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ 2007 నుంచి రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్తోంది. అందులో చేరు. లెక్చరర్ ఉద్యోగానికీ పరిశోధనకీ అర్హత ఇచ్చే నెట్ పరీక్ష ఏటా రెండుసార్లు, జూన్ ఒకసారి, డిసెంబరు ఒకసారి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, మీ నాన్న మీద భారం ఉండదు. ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (సర్వే, మ్యాపుల శాస్త్రం) పేపర్ వచ్చింది, దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర, సెప్టెంబరులో. సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కి మాత్రం ముందటి చలికాలంలోనే దరఖాస్తు పెట్టాలి. మన పిల్లలు ఎండలు మొదలయ్యాక అడుగుతారు, అప్పటికి గడువు అయిపోతుంది. అందులో ఏం పని చేస్తావో రాయమంటారు. నీ ఆరు నెలల నోటుబుక్ అక్కడ పనికొస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చావని, ఇంగ్లీషులో నోరు తిరగదని భయపడుతున్నావు. నాకు తెలుసు, నువ్వు చెప్పకపోయినా నీ మెసేజ్‌లో కనిపించింది. మొదటిసారి పేపర్ చదవకు, పోస్టర్ పెట్టు. పోస్టర్ దగ్గర ఒక్కొక్కరే వస్తారు, నీ మ్యాప్ మీద వేలు పెట్టి చెప్పొచ్చు. పోస్టర్ సారాంశాన్ని, అదే అబ్‌స్ట్రాక్ట్‌ని, ముందు తెలుగులో రాసుకో: ఏ చోటు, ఏం చూశావు, ఎలా కొలిచావు, ఏం తేలింది. ఆ నాలుగు వాక్యాల్నీ తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చు, నాకు పంపితే దిద్దుతాను. సెమినార్‌లో అందరి ముందూ ప్రశ్న అడగలేకపోతే టీ టైమ్‌లో అడుగు. "మూసీ కింది భాగంలో ఇలా కనిపించింది సార్, దీన్ని ఎలా కొలవాలి?" అంటే చాలు, పని చేసేవాళ్లు ఆగి చెప్తారు. వాళ్లు రైతుల మాటలు అడిగితే తెలుగులోనే చెప్పు. ఆ రైతుతో కత్వ గట్టు మీద కూర్చుని మాట్లాడింది నువ్వే కదా.

నువ్వు అక్కడ చదువుతున్నావని కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ నాలుగు కాపీలు తీయించి ఉంచుకో, గడువు రోజున ఆఫీసు తాళం వేసి ఉంటుంది. వచ్చే ఆదివారం ఊరికి వస్తానన్నావుగా. పొద్దున ఆరింటికల్లా నేనూ వలిగొండ బస్సు దిగుతాను. ఎండ ఎక్కకముందే కత్వ దగ్గరికి పోదాం, మీ నాన్ననీ రమ్మను.

నీ మేనత్త